జర్మనీ నర్సు ఉద్యోగం: లెక్క ఏ జీతం మీద వేశారు?

కోహీర్ అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పాసై, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఇక్కడ నర్సే. జర్మనీలో అలా కాదు. మన డిగ్రీకి గుర్తింపు వచ్చేదాకా అసిస్టెంట్‌గానే పని, జీతం కూడా ఆ లెక్కనే. గుర్తింపుకు సాధారణంగా బీ2 స్థాయి జర్మన్ భాష రావాలి, పరీక్షో అడాప్టేషన్ కోర్సో పూర్తి చేయాలి. పరీక్ష తప్పితే మళ్లీ రాసే అవకాశం ఒక్కసారే.

ఇది మోసం కాదు, అక్కడి చట్టం. మొదటి నెల నుంచే నర్సు జీతం అని ఏజెంటు నమ్మించి అప్పు చేయిస్తే, అదే మోసం. కిస్తీ లెక్క అసిస్టెంట్ జీతం మీదే వేయండి. కాంట్రాక్టులో రెండు జీతాలూ విడిగా రాశారా అని సంతకానికి ముందే చూడండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జర్మనీకి నర్సులను పంపుతోంది. ముందు అక్కడ అడగండి.