ఐటీఐ పాసైనా తప్పని తిప్పలు

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ కోర్సులు రెండేళ్లు చదివి ఐటీఐ పాసైన పల్లె కుర్రాళ్లకు అసలు చిక్కు ఆ తర్వాతే ఎదురవుతోంది. ఎక్కడికి వెళ్లినా అనుభవం ఉందా అంటారు. ఆ అనుభవం ఇప్పించేందుకే 1961లో అప్రెంటిస్ చట్టం తెచ్చారు. అయితే 2019 నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన సిబ్బంది ఉన్న సంస్థలే అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. మండల కేంద్రంలోని వెల్డింగ్ షాపుకు, మోటారు వైండింగ్ కొట్టుకు ఇది వర్తించదు. పట్నం పోక తప్పదు. ఐటీఐ వారికి అప్పుడు నిర్ణయించిన కనీస స్టైపెండ్ నెలకు 7,000 రూపాయలు. గది అద్దె, మెస్ బిల్లు కట్టాక ఇంటికి పంపేదేముంటుంది? పోనీ శిక్షణ ముగిశాక అక్కడే ఉద్యోగం ఖాయమా అంటే అదీ లేదు. ఒప్పందంలో ఆ షరతు రాసి ఉంటేనే యజమాని ఇవ్వాలి. సంతకం చేసే ముందు ఆ కాగితం చదివే కుర్రాళ్లు తక్కువే. ఒప్పందం రిజిస్టరు అయిందో లేదో కూడా తల్లిదండ్రులు ఐటీఐలో అడిగి తెలుసుకోవాలి.