అతిథి కోసం ఎవరి గొంతు మూయాలి?

వివాదాస్పద విదేశీ నేతను దేశంలోకి రానివ్వకపోవడం వాక్ స్వాతంత్ర్యానికి భంగమా, ప్రజాశాంతికి రక్షణా అన్న చర్చ తరచు లండన్, వాషింగ్టన్ ఉదాహరణలతోనే సాగుతుంది గాని, ఇదే ప్రశ్న తిరుపతి వీధుల్లో తలకిందులై ఎదురైంది. శ్రీలంక అధ్యక్షుడిగా మహింద రాజపక్స 2013 ఫిబ్రవరిలోనూ, 2014 డిసెంబరులోనూ శ్రీవారి దర్శనానికి వచ్చినప్పుడు, 2009లో ముగిసిన అంతర్యుద్ధం చివరి నెలల్లో జరిగిన తమిళ పౌరుల మరణాలకు ఆయనదే బాధ్యతంటూ తమిళ సంఘాల కార్యకర్తలు నిరసనకు దిగగా, పోలీసులు వారిని అదుపులోకి తీసుకున్నారు. నేత దర్శనం చేసుకుని వెళ్లారు. ఆగిపోయింది ఆయనను ప్రశ్నించబోయిన పౌరులు.

చట్టం దృష్టిలో ఇది విచిత్రమే. భావప్రకటననూ, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడడాన్నీ హక్కులుగా గుర్తించిన రాజ్యాంగంలోని 19వ అధికరణ పౌరులకు మాత్రమే వర్తిస్తుంది. విదేశీయులకు దక్కేది 14, 21 అధికరణల్లోని సమానత్వ, జీవన రక్షణలు. విదేశీయులను బహిష్కరించే విషయంలో కేంద్రానికి అపరిమిత అధికారం ఉందని సుప్రీంకోర్టు 1955లోనే, హాన్స్ ముల్లర్ కేసులో చెప్పింది. హక్కు లేని అతిథికి దారి వేసి, హక్కున్న పౌరుణ్ణి వ్యానెక్కించడం పాలకులకు సులువు కావచ్చు గాని, సులువైనదల్లా న్యాయమైపోదు. విదేశాంగం కేంద్రానిది, శాంతిభద్రతలు రాష్ట్రానివి కాబట్టి, ఢిల్లీ అనుమతించిన అతిథికి భద్రత కల్పించక రాష్ట్ర పోలీసులకు తప్పదన్నది నిజమే. అయితే అతిథి ప్రాణాన్ని కాపాడడం వేరు, అతని చెవిన నినాదం పడకుండా కాపాడడం వేరు.

తిరుపతికి 150 కిలోమీటర్ల లోపే ఉన్న చెన్నైలో అదే 2013లో ఇందుకు పూర్తి విరుద్ధంగా జరిగింది. అక్కడి ఐపీఎల్ మ్యాచ్‌లలో శ్రీలంక క్రీడాకారులు ఆడరాదని జయలలిత ప్రభుత్వం పట్టుబట్టగా, నిర్వాహకులు తలొగ్గారు. యుద్ధంతో ప్రమేయం లేని ఆటగాళ్లకు ప్రజాగ్రహం పేరుతో తలుపులు మూసిన చోటికీ, యుద్ధాన్ని నడిపిన నేతకు ప్రజాశాంతి పేరుతో తలుపులు తెరిచిన చోటికీ మధ్య ఉన్నది ఒక రాష్ట్ర సరిహద్దే. 1960లో తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికి ఇచ్చాక కూడా నగరి, సత్యవేడు, కుప్పం ప్రాంతాల్లో తమిళ కుటుంబాలున్న ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, ఆ నిరసనను బయటివారి గొడవగా కొట్టిపారేయడం కుదరదు.

ఇక లండన్, వాషింగ్టన్ ఉదాహరణలకు వస్తే, నెదర్లాండ్స్ నాయకుడు గీర్ట్ విల్డర్స్‌ను బ్రిటన్ 2009 ఫిబ్రవరిలో విమానాశ్రయం నుంచే వెనక్కి పంపగా, అక్కడి ట్రైబ్యునల్ ఆ ఏడాది అక్టోబరులో ఆ నిర్ణయాన్ని తప్పుబట్టింది. బెల్జియం మార్క్సిస్టు మాండెల్‌కు వీసా నిరాకరణను అమెరికా సుప్రీంకోర్టు 1972లో సమర్థించినా, అసలు వాదం ఆయన హక్కు గురించి కాక, ఆయనను పిలిచిన అమెరికన్ల వినే హక్కు గురించి సాగింది. ఏ నిషేధంలోనైనా మొదట చూడవలసింది ఇదే: కోల్పోతున్నది విదేశీయుడా, స్వదేశీ శ్రోతా?

అభివ్యక్తిని ఎప్పుడు ఆపవచ్చో తేల్చడానికి భారతీయ న్యాయస్థానాలు కొలమానాలు ఇచ్చాయి. సాధారణ శాంతిభద్రతల సమస్య అంతా ప్రజాశాంతికి, అంటే సమాజ జీవనాన్నే కుదిపే అలజడికి, సమానం కాదని 1965లో రామ్ మనోహర్ లోహియా కేసు తేల్చింది. ఎదుటివారు హింసకు దిగుతామని బెదిరించినంత మాత్రాన అభివ్యక్తిని అణచరాదని, ముప్పు మందుగుండులో నిప్పురవ్వంత సన్నిహితంగా ఉండాలని 1989లో రంగరాజన్ కేసు చెప్పింది. తిరుమల కొండపై రాజకీయ నినాదాలకు తావివ్వకపోవడంలో హేతువుంది: అక్కడి రద్దీ ప్రమాదకరం, స్థలం ఆరాధనకు ఉద్దేశించినది. కొండ దిగువ నగరానికి ఆ హేతువును పొడిగించడమే అతిశయం; కాన్వాయ్ దారికి దూరంగా ఒక మైదానంలో, నిర్ణీత వేళల్లో నిరసనకు అనుమతిస్తే మందుగుండేమీ పేలిపోదు.

ముందస్తు కట్టడి అలవాటు విదేశీ అతిథులతో ఆగలేదు. రోడ్లపై సభలను కట్టడి చేస్తూ 2023 జనవరి 2న వెలువడిన రాష్ట్ర ప్రభుత్వ జీవో 1 ఆధారంగా ఆ వారంలోనే కుప్పంలో ప్రతిపక్ష నేత పర్యటనను అడ్డుకోగా, హైకోర్టు ఆ జీవోను మే 12న కొట్టివేసింది. ప్రభుత్వం మారాక 2024 సెప్టెంబరులో, మరో ప్రతిపక్ష నేత తిరుమల యాత్రకు ముందు తిరుపతిలో సెక్షన్ 30 అమలులోకి వచ్చింది. వలస పాలకులు 1861లో తెచ్చిన పోలీసు చట్టంలోని ఆ సెక్షన్ ఊరేగింపుల నియంత్రణకు ఉద్దేశించినదని, నిషేధానికి కాదని అధికారం చేతులు మార్చుకున్న ఆ రెండు పార్టీల న్యాయవాదులకూ తెలుసు. అధికారంలో లేనప్పుడు ఇద్దరూ కోర్టుల్లో వినిపించే వాదన అదే.