బొమ్మ విమానానికి లెంపలేసుకున్నాను!

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. మరి కలం జారితే? ఈ వారం నా గొడవ అదే.

కొన్నాళ్ల క్రితం ఇదే శీర్షికలో పాత సినిమాల ట్రిక్ షాట్ల గురించి సరదాగా రాశాను. 1980ల నాటి ఒక తెలుగు సినిమాలో విలన్ పారిపోతున్న డకోటా విమానం చెరువులో కూలే సీనుంది. "స్నానాల తొట్టిలో పిల్లలు వదిలిన ఆటబొమ్మలా ఉంది" అని రాసేసి, నా చమత్కారానికి నేనే మురిసిపోయాను. కడుపుబ్బ నవ్వుకున్నామని మీలో చాలామంది ఉత్తరాలు కూడా రాశారు.

నవ్వని వారు ఒకరున్నారు. పేరు అచ్చు వెయ్యొద్దన్నారు కనుక వెయ్యడం లేదు. "అయ్యా! ఆ ఆటబొమ్మ చేసింది మా నాన్నగారు. మద్రాసులో ఆర్ట్ డిపార్టుమెంటులో వడ్రంగి. దానికి నెల రోజులు పట్టింది. ఇప్పుడాయన లేరు. మీరూ ఒకటి చేసి చూడండి, ఆ తర్వాత నవ్వండి" అని రాసి, ఒక నలుపు తెలుపు ఫోటో జతచేశారావిడ. బల్ల మీద విమానం. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి ఆరడుగులట. పైలట్ గదిలోకి తొంగిచూస్తే సీట్లకి బెల్టులు కూడా ఉన్నాయి! ఆ సినిమా నేను మూడుసార్లు చూశాను. కెమెరా ఆ బెల్టుల జోలికి ఒక్కసారైనా పోలేదు.

కనపడని బెల్టులు ఎందుకు చేసినట్టు? రెండు రాత్రులు నిద్రపట్టలేదంటే నమ్మండి. సరే, సవాలు సవాలే అనుకుని స్పిట్‌ఫైర్ విమానం కిట్ ఒకటి తెప్పించాను. 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' (1969)లోనూ, 'డంకర్క్' (2017)లోనూ చూశారే, ఆ విమానమే. నమూనా కొలత అసలు దానిలో 72వ వంతు. అంటే ఆరడుగుల హీరో అంగుళం పొడుగుంటాడన్నమాట! దాదాపు 30 అడుగుల విమానం 5 అంగుళాల్లో ఇమిడిపోతుంది. ఒక్క సాయంత్రంలో ముక్కలన్నీ అతికించి, రంగు పూసి, బల్ల మీద పెట్టి చూసుకున్నాను. ఏముందీ, అచ్చం ఆటబొమ్మ!

ఎందుకలా ఉందో లెక్కేస్తే తెలిసింది. కిట్‌లో రెక్క వెనక అంచు ఒక మిల్లీమీటరు మందం ఉంది. దాన్ని 72తో హెచ్చవేయండి. దాదాపు మూడంగుళాలు! రోకలిబండలాంటి అంచుతో ఏ విమానం ఎగురుతుంది? మన కంటికి ఈ లెక్కలు రావు గాని, ఎక్కడో ఏదో తేడా ఉందని మాత్రం ఇట్టే పట్టేస్తుంది. ఉప్పు కాగితం పట్టుకుని ఆ అంచుల్ని అరగదీస్తూ కూర్చున్నాను. వేళ్లు కూడా అరిగాయి.

అసలు పని అక్కడ మొదలైంది. కిట్‌లో లేని చిన్న చిన్న సామాన్లు సొంతంగా తయారుచేసుకోవాలి. వాటికోసం బజారుకి వెళ్లక్కర్లేదు, చెత్తబుట్ట చాలు. బెల్టులకి మాత్రల పట్టీ వెనకుండే రేకు కాగితం. రెండంగుళాల బెల్టు ఇక్కడ ముప్పాతిక మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. కొత్త బ్లేడుతో ఒక్క వేటుకి తెగాలి, లేకపోతే అంచు పీలికలవుతుంది. బకిల్స్‌కి కరెంటు వైరులోని సన్న రాగి పోగు. గాలి వేగం కొలిచే గొట్టం ఎడమ రెక్క కింద ఉంటుంది. దానికి సన్న ఇంజక్షన్ సూది ముక్క.

ఏరియల్ తీగకి తల వెంట్రుక వాడితే సరిపోతుందనుకున్నాను. మళ్లీ లెక్క అడ్డొచ్చింది. వెంట్రుకని 72 రెట్లు పెంచితే పెన్సిలు లావుకి దగ్గరవుతుంది! అందుకని కిట్ ముక్కలు అతికి ఉండే ప్లాస్టిక్ పుల్లని కొవ్వొత్తి సెగ మీద తిప్పి, మెత్తబడగానే మంటకి దూరంగా తీసి రెండు వైపులా లాగాలి. ఎంత చురుగ్గా లాగితే అంత సన్నని పోగొస్తుంది. మొదటి ఆరుసార్లు నాకొచ్చింది కాలిన వాసన మాత్రమే.

అన్నిటికంటే ఏడిపించింది పైలట్ పట్టుకునే కర్ర. స్పిట్‌ఫైర్‌లో దాని తలకాయ గుండ్రని కడియంలా ఉంటుంది. మన కొలతలో అది సుమారు రెండు మిల్లీమీటర్లు. టూత్‌పిక్‌కి రాగి పోగు చుట్టి, చుట్ల మీద నిలువునా బ్లేడు పెట్టి కోస్తే వరసగా కడియాలు రాలతాయి. రాలాయి కూడా... నేల మీదికి! టార్చిలైటు వేసుకుని అర్ధరాత్రి నేల మీద పాకుతుంటే మా అమ్మ లేచొచ్చి, "ఏం పోయిందిరా?" అంది. "విమానం కంట్రోలమ్మా" అన్నాను. మారుమాట్లాడకుండా వెళ్లి పడుకుంది.

ఈ విద్య మన వెండితెరకి కొత్తదేం కాదు. 'మాయాబజార్' (1957)లో ద్వారకానగరం మినియేచరే. గోఖలే, కళాధర్‌ల కళ, మార్కస్ బార్ట్లే కెమెరా కలిసి దాన్ని మహానగరంలా నమ్మించాయి. అటు హాలీవుడ్‌లో 'స్టార్ వార్స్' (1977) అంతరిక్ష నౌకల మీద కనపడే ఆ గొట్టాలూ పెట్టెలూ చాలావరకు కొట్లో దొరికే ట్యాంకుల, విమానాల కిట్ల నుంచి పీకి అతికించినవే. ఆ మోడళ్ల శాఖ పెద్ద గ్రాంట్ మెక్‌కూన్ ఆ సినిమాకి ఆస్కార్ అందుకున్నవాళ్లలో ఒకడు.

అయితే మన డకోటా బొమ్మలా ఎందుకు కనిపించింది? ఫోటో ముందు పెట్టుకుని మళ్లీ లెక్కేశాను. అసలు డకోటా రెక్కల పొడవు 95 అడుగులు. ఆయన చేసింది ఆరడుగులు. అంటే 16వ వంతు. పదహారో వంతు ఎత్తు నుంచి పడే వస్తువు నాలుగో వంతు కాలంలోనే కిందికి వచ్చేస్తుంది. అది బరువుగా పడ్డట్టు కనపడాలంటే మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు తీసే కెమెరాని నాలుగు రెట్ల వేగంతో, అంటే 96 ఫ్రేములతో పరుగెత్తించాలి. ఆ సీను మళ్లీ చూశాను. మామూలు వేగంతోనే కానిచ్చేసినట్టుంది. పైగా నీటిబొట్లని ఏ వడ్రంగీ చిన్నవి చెయ్యలేడు. విమానం పక్కన అవి ఫుట్‌బాల్ అంత కనపడ్డాయి. నేను వెక్కిరించింది నీళ్లనీ, కెమెరా వేగాన్నీ. దెబ్బ తగిలింది మాత్రం నెల రోజులు చెమటోడ్చిన మనిషికి!

బెల్టుల సంగతి కూడా ఇప్పుడర్థమైంది. బొమ్మ చేసేనాటికి కెమెరా ఎక్కడ పెడతారో చేసేవాడికి తెలియదు. ఎటు నుంచి చూసినా విమానంలాగే ఉండాలి. ఆయన తన వంతు పూర్తిచేసి అప్పగించాడు, అంతే.

అందుకే అందరి ముందూ లెంపలేసుకుంటున్నాను. ఇకమీదట తెరమీద ఏదైనా తేలిపోతే, తప్పు ఎవరిదో కనుక్కున్నాకే కలం దులుపుతాను.

క్షమాపణ ఉత్తరంతో పాటు నా స్పిట్‌ఫైర్ ఫోటో ఆవిడకి పంపాను. మొన్న జవాబొచ్చింది. ఒకే ఒక్క వాక్యం: "రెక్క అంచు ఇంకా మందంగా ఉందండీ!"

తండ్రికి తగ్గ కూతురు! వచ్చే వారం కలుద్దాం. ప్రస్తుతం ఉప్పు కాగితం కోసం వెతుకుతున్నాను.