బెంగపడ్డ పిల్లవాడిని పలకరించేదెవరు?

జొన్నగిరి: పసిపిల్లలకు మనోవ్యాధి ఏమిటని మన పల్లెల్లో పెద్దలు కొట్టిపారేస్తూ ఉంటారు. అన్నం తినకపోతే దిష్టి తగిలిందంటారు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. బడికి పోనని మొండికేస్తే బెత్తం చూపుతారు. బెంగ అనే మాట మాత్రం అందరికీ తెలుసు. అది ముదిరితే జబ్బేననీ, దానికీ వైద్యం ఉన్నదనీ తెలిసినవారు తక్కువ.

కర్నూలు జిల్లా పడమటి మండలాలలో పిల్లల బెంగకు కారణం వెతకనక్కరలేదు. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, పత్తికొండ ప్రాంతాలలో వానను నమ్మిన పైరు అయిపోయాక చేతికి పని ఉండదు. కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయ కోతలకు సుగ్గి పోతాయి. కొందరు హైదరాబాదుకు, బెంగుళూరుకు కట్టడం పనులకు పోతారు. వెంట పోయిన పిల్లలకు చదువు పోతుంది. అవ్వాతాతల వద్ద మిగిలిన పిల్లలు బడికి వస్తారు గాని వారి మనసు మిరపతోటల చుట్టూ తిరుగుతూ ఉంటుంది. కాస్త ఎదిగిన ఆడపిల్ల అయితే నీళ్లు మోయడం, వంట చేయడం, తమ్ముణ్ణి తయారు చేయడం అన్నీ ఆమె పనే. అటువంటి పిల్ల తరగతిలో కునికిపాట్లు పడితే సోమరిపోతని పేరు పెడతాం.

జొన్నగిరి పరిసరాలలో ఇంకొక తంతు ఉన్నది. తొలకరి పడగానే జనం వజ్రాల కోసం చేలలో నేల చూపులు చూస్తూ తిరుగుతారు. బడులు తెరిచేదీ అదే జూన్‌లో. పిల్లల చూపు చురుకని కొందరు వారినీ తీసుకుపోతారు. ఒక్క రాయి దొరికితే దశ తిరుగుతుందని ఇంట్లో రాత్రింబగళ్లు మాట్లాడుకుంటుంటే పిల్లవాడు పుస్తకం ముందు ఎట్లా కూర్చుంటాడు?

ఈ సంగతి ఇప్పుడు ఎత్తడానికి ఒక కారణం ఉన్నది. విశాఖపట్నంలో నీట్ పరీక్షకు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి 2023లో మరణించగా, తండ్రి వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న కోర్టు తీర్పు చెబుతూ, విద్యార్థుల మనోక్షేమం కోసం దేశమంతటా అమలు కావలసిన 15 మార్గదర్శకాలను ఇచ్చింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని, పరీక్ష తప్పిన కారణంగా పోయిన ప్రాణాలు 2,248 అని ఆ తీర్పులోనే ఉన్నది.

ఇది పట్నాల కోచింగు సెంటర్ల గొడవ అని మనవారు అనుకొని ఊరుకున్నారు. అది పొరపాటు. ఈ ఉత్తరువు ప్రభుత్వ బడులకూ వర్తిస్తుంది. నూరుమంది, అంతకు మించి పిల్లలున్న చోట శిక్షణ పొందిన సలహాదారు ఒకరైనా ఉండాలి. అంతకంటే చిన్న బడి అయితే బయటి మానసిక వైద్య నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు గుంపులు చేయరాదు, నలుగురిలో అవమానించరాదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. పిల్లలను కొట్టడం, మనసు గాయపడేటట్లు వేధించడం కూడదని 2009 విద్యాహక్కు చట్టం ముందే చెప్పింది. అయినా మార్కులు గట్టిగా చదివి మొద్దు అని పిలిచే అలవాటు అన్ని బడులలో పోయిందని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పగలరా?

సలహాదారును ప్రతి ఊరికీ ఇవ్వడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. మండలానికి ఒకరినైనా వేసి, వారంలో ఒకరోజు ఒక్కొక్క బడికి పంపవచ్చు. ఈలోగా పంతులుగారు చేయదగిన పని లేకపోలేదు. ఏ పిల్లల తల్లిదండ్రులు సుగ్గికి పోయారో హాజరు పట్టీలో గుర్తు పెట్టుకొని, వారానికొకసారి తల్లితో ఫోనులో మాట్లాడించినా చాలు, పిల్లవాడికి కొండంత ధైర్యం. మన పక్కనే ఎర్రగుడి బండ మీద అశోకుడు గురువును శిష్యుడు గౌరవించాలని చెక్కించాడు. ప్రాణుల పట్ల దయ చూపాలనీ అక్కడే ఉన్నది. మొదటిది మనవారు మరువలేదు. రెండవదే బడి వాకిట ఆగిపోయింది.

తల్లిదండ్రులు కూడా కొన్ని గుర్తులు కనిపెట్టాలి. ఆటపాటలు మాని, అన్నం తగ్గించి, రెండు వారాలకు పైగా ముభావంగా ఉండే పిల్లవాడిని తిట్టక పక్కన కూర్చోబెట్టుకొని అడగాలి. చచ్చిపోతానన్న మాట నోట వస్తే బెదిరింపు అనుకోరాదు. ఒంటరిగా వదలక ఆనాడే డాక్టరుకు చూపాలి. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. కూలి పోగొట్టుకొని అంతదూరం పోలేని వారు ముందుగా 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ ప్రభుత్వ సేవ ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును తరగతి గదులలో పెద్ద అక్షరాలతో రాయాలని కూడా సుప్రీంకోర్టు చెప్పింది.

వలస పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడిపే పద్ధతి మనకు ఉన్నది. వాటిని తల్లిదండ్రులు పోయిన తరువాత గాక పోకముందే తెరవాలి. అక్కడ అన్నం పెట్టేవారితో పాటు పిల్లల మాట వినే మనిషిని కూడా ఉంచాలి. ఈ మార్గదర్శకాల అమలును చూడడానికి కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలని తీర్పులో ఉన్నది. ఆ కమిటీ కర్నూలులో గాక ఆదోనిలో, సుగ్గి బండ్లు కదలకముందే ఒకసారి కూర్చోవాలి.