పండటమే నేరమైన పండు

ఎండాకాలం వచ్చిందంటే మన సాహిత్య మిత్రుల్లో ఓ కొత్త భక్తి మొదలవుతోంది. నాటు టమాటా భక్తి. చెక్క పళ్లెం, దాని మీద ముడతలు పడ్డ ఎర్రటి పండు ముక్కలు, పైన ఆలివ్ నూనె, కింద ఓ నిట్టూర్పు: "మా నాయనమ్మ పెరటి రుచి పోగొట్టుకున్నాం కదా!" మామూలు టమాటాకి నాలుగైదు రెట్లు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది నాయనమ్మ పెరడు ఎట్లా అయిందో నాకైతే అర్థం కాదు.

నేను గాజువాక పక్కన ఆటోనగర్‌లో పనిచేస్తాను. లారీలకి కమాన్ కట్టలు మార్చే చోటు, బాడీలు కట్టే చోటు. టమాటా రుచి ఎక్కడ పోయిందో నాకు లారీలని చూస్తుంటేనే తెలిసింది.

ముందు ఈ వంశగౌరవం సంగతి తేల్చుకుందాం. టమాటా మూలాలు దక్షిణ అమెరికాలో ఉన్నాయి. పంటగా కుదురుకున్నది మెక్సికోలో. మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లు. మనవాళ్లు రామములక్కాయ అని పేరు పెట్టి వంటింట్లోకి రానిచ్చారు గానీ చాలా ఇళ్లల్లో తద్దినం వంటలోకి ఇప్పటికీ రానివ్వరు. అట్లాంటి అతిథిని పట్టుకుని పూర్వీకుల రుచి అని కన్నీళ్లు పెట్టుకోవడం అతి. విత్తనం దాచుకుని మళ్లీ వేసుకోగలిగే పూసా రూబీ కూడా ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధనా సంస్థలో రెండు రకాలని కలిపి తీసిందే. అది కూడా బాగానే ఉంటుంది, పండితే.

పండితే. నా గొడవంతా ఆ ఒక్క మాట దగ్గరే.

ఎండాకాలమే టమాటా కాలమని యూరప్, అమెరికా వంటపుస్తకాలు నేర్పాయి. విశాఖ తీరంలో మే నెలలో రాత్రి కూడా ఉక్కపోత. ఆ వేడికి టమాటా పూత రాలిపోతుంది, పిందె నిలవదు. మన చుట్టుపక్కల కాయకి మంచి రోజులు చలికాలం నుంచి శివరాత్రి దాటేదాకా. మేలో మనం తినేది ఎక్కువగా మదనపల్లె వైపు కాయ. అది దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి అక్కడ కాస్తుంది. అక్కణ్ణుంచి ఇక్కడికి సుమారు 800 కిలోమీటర్లు.

బాగా పండిన పండు క్రేట్లలో అంత దూరం వస్తే దిగేసరికి రసమే. అందుకే రంగు తిరుగుతుండగానే కోస్తారు. తోలు మందంగా, కాయ గట్టిగా ఉండే హైబ్రిడ్లే వేస్తారు. ఇందులో రైతు దురాశ ఏముంది? తోటలో పండు ధర కోసం ఆగదు. ధర పడిపోయిన ఏళ్లలో కోతకూలి కూడా రాక టమాటాలు రోడ్డు మీద పారబోస్తారు. 2023 జూలైలో ధర వంద దాటితే ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50 రూపాయలకి అమ్మింది, జనం వరస కట్టారు. ఆ వరసలో ఇది నాటుదా, హైబ్రిడ్‌దా అని అడిగే తీరిక ఎవరికుంటుంది?

మన కంటి కోసం కూడా రుచిని వదులుకున్నారు. కాయ అంతా ఒకే రంగులో, భుజాల దగ్గర పచ్చ లేకుండా పండాలని దశాబ్దాలపాటు ఎంచుకుంటూ వచ్చిన జన్యుమార్పే పండులో చక్కెరనీ తగ్గించిందని 2012లో 'సైన్స్' పత్రికలో పరిశోధన వచ్చింది. ఫ్రిజ్ చలిలో వారం ఉన్న టమాటాకి, మళ్లీ బయట పెట్టినా పాత వాసన పూర్తిగా రాదని 2016లో ఇంకో పరిశోధన చెప్పింది. అంటే విత్తనం దగ్గర మిగిలిన రుచిని కూడా మనమే తెచ్చి ఫ్రిజ్‌లో చంపుతున్నాం.

బజార్లో మనల్ని మనం చూసుకుందాం. కాయ తీస్తాం, బొటనవేలితో నొక్కుతాం, మెత్తగా తగిలితే పక్కన పెడతాం. నేనూ అంతే, ఏళ్లపాటు. అట్లా పక్కన పెట్టినవి సాయంత్రానికి ఓ కుప్ప అవుతాయి, సగం ధరకి పోతాయి. మా వర్క్‌షాపుల దగ్గర మధ్యాహ్నం భోజనం అమ్మే అక్క ఏరికోరి ఆ కుప్పే కొంటుంది. ఎందుకక్కా అంటే, "గట్టి కాయ ఎంత ఉడకెట్టినా నీల్లే బాబూ. ఇదైతే పిసికితే సాలు" అంది.

ఆమె చేసేది ఇంతే. నాలుగు పండు టమాటాలు, రెండు పచ్చిమిరపకాయలు మంట మీద తొక్క నల్లబడేదాకా కాలుస్తుంది. తొక్క వలిచి, ఉప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి చేత్తో నలుపుతుంది. పచ్చి ఉల్లిపాయ ముక్కలు కలుపుతుంది. చింతపండు లేదు, పోపు లేదు. చద్దన్నంలోకైనా, చోడి అంబలిలోకైనా అదే. పొయ్యి దగ్గర పది నిమిషాలు. వెల్డింగ్ సెగలోంచి వచ్చినవాళ్లు మాట్లాడకుండా తింటారు. చెక్క పళ్లెం ఫోటోల్లో దొరకని ఎండాకాలం వంట అదే.

మరి నాటు విత్తనాన్ని కాపాడొద్దా అంటారు. కాపాడాలి. విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే, బ్రాండ్ లేకుండా అమ్ముకునే హక్కు 2001 చట్టం రైతుకి ఇచ్చింది. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే అదే కాయ రాదు కాబట్టి ఆ హక్కుకి విలువ ఉండాలంటే నాటు రకాలు బతకాలి. అయితే వాటి తోలు పలచన, పగుళ్లిస్తాయి, రెండు రోజుల్లో మెత్తబడతాయి. బజార్లో మెత్తటి పండుని అవమానించి, ఇంటికొచ్చి నాటు విత్తనం గురించి వ్యాసం రాస్తే ఏ రైతు నమ్ముతాడు? అమ్ముడుపోని పండు విత్తనాన్ని ఏ హక్కూ బతికించలేదు.

కాబట్టి మాఘ ఫాల్గుణాల్లో ఆనందపురం, పద్మనాభం వైపు నుంచి కాయ వస్తుంటే అప్పుడు కడుపారా తినండి, నిల్వ పచ్చడి పెట్టుకోండి. మేలో ఆ జాడీ తియ్యండి. దూరం నుంచొచ్చిన కాయే దిక్కయితే ఫ్రిజ్‌లో పెట్టకుండా రెండు రోజులు బయట పండనివ్వండి. రేపు రైతుబజారుకెళ్తే, వేలికి మెత్తగా తగిలిన పండుని వెనక్కి పెట్టకండి. మొత్తం ధర ఇచ్చి సంచిలో వేసుకోండి.