ఇల్లు ఇచ్చి వాడను గుంజుకుంటరా?

ఝరాసంగం నుంచి జహీరాబాద్, ఆ తర్వాత సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు, రామచంద్రాపురం. పట్నం పోయే ఈ తొవ్వ మన దగ్గర చిన్న పోరనికి సుత ఎరుకే. వాన ఎగ్గొట్టినా, చెరుకు బిల్లు ఆగినా మనోళ్లు పట్టింది ఈ తొవ్వనే. పోయినోళ్లు కాలనీలల్ల దిగలే, బస్తీలల్ల దిగిండ్రు. ఈ పత్రికల పనిచేసే మాలో చాలామందిమి ఆ బస్తీలల్ల పెరిగినోళ్లమే. అందుకే ఈ వారం ఇండ్ల లెక్క పక్కన పెట్టి, వాడ గురించి రాస్తున్నం.

బస్తీ బతుకు గొప్పదని మేం చెప్పం. రేకుల అర్రల ఆరుగురం పండుకున్నం. నల్లా రోజు విడిచి రోజు, అదీ అర్ధరాత్రి. ఎండకాలం ట్యాంకర్ కాడ బిందెలతోని కొట్లాట. 2000 ఆగస్టు వానలకు మోరీ నీళ్లు ఇంట్లకు జొరబడి పుస్తకాలు నానిపోయినయ్. 2020 అక్టోబర్‌ల మళ్ల బస్తీలే మునిగినయ్. ఇరవై ఏండ్లల్ల ముఖ్యమంత్రులు మారిండ్రు, మోరీ మారలే. గుడుంబా ఎంతమంది తండ్రులను మింగిందో మాకెరుక. పేదోళ్ల ఇంట్లనే సంతోషం ఉంటదని ఎవరన్నా రాస్తే మాకు ఒళ్లు మండుతది.

మరి మేం ఎట్ల బతికినం, ఎట్ల సదువుకున్నం? అమ్మ పాచిపనికి, నాయిన సెంట్రింగ్ పనికి పోతే మమ్ముల చూసిందెవరు? పక్క అర్రల అవ్వ. గుల్బర్గా దిక్కు నుంచి వచ్చిన మనిషి, మాట కన్నడం. జొన్నరొట్టె చేస్తే మాకు సగం. ఎదురింటి ఖాలా పొద్దంత ఉర్దూల తిట్టేది. జ్వరమొస్తే ఉస్మానియా దవాఖానకు ఎత్తుకపోయింది సుత ఆమెనే. కిరాణా సేటు ఖాతా రాయకుంటే నెలాఖరుకు పొయ్యి ముట్టకపోవు. బోనాలకు ఇటు నుంచి అటు కూర గిన్నె, పీర్ల పండుగకు అటు నుంచి ఇటు మలీదా. మన ఊర్లల్ల సంఘమంటే ఆడోళ్లు కూడి విత్తనాలు పంచుకునుడు (మన మండలంల మాచునూరు దళిత మహిళలు 2008ల రేడియోనే పెట్టిండ్రు!). పట్నం పోయినంక ఆ సంఘమే చిట్టీ అయింది. చిట్టీ ఎత్తిన పైసలతోనే మాలో ఒకరి డిగ్రీ ఫీజు, ఇంకొకరి అక్క పెండ్లి.

దీన్ని ఒట్టి మంచితనం అని కొట్టెయ్యకుండ్రి. సర్కారు ఇయ్యని అంగన్‌వాడీ, బ్యాంకు, అంబులెన్సు, ట్యూషన్ అన్నీ ఆ గల్లీనే ఇచ్చింది. ఏ సర్వే ఫారంల దీనికి కాలమ్ ఉన్నది?

పట్నం మనదే అని కొట్లాడినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పట్నంల బస్తీ ఎవరిది? 2015 నవంబర్‌ల సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీల 396 డబుల్ బెడ్‌రూం ఇండ్లు ఇచ్చిండ్రు. పాత ఇండ్లు ఉన్న జాగలనే కట్టిండ్రు, అక్కడోళ్లకే ఇచ్చిండ్రు. సరైన తీరు అది. తర్వాత ఏమైంది? 2023 జూన్‌ల కొల్లూరుల ఒక్క చోటనే 15,660 ఇండ్లు తెరిచిండ్రు. మనోళ్లు పట్నం పోయిన తొవ్వకు దగ్గర్లనే. ఇల్లు మంచిదే. ఆడపిల్లకు తలుపున్న స్నానాల గది ఎంత పెద్ద సంగతో బస్తీల పెరిగినోళ్లకే తెలుసు. కాని కంప్యూటర్ లాటరీకి గల్లీ ఎరుక లేదు. అవ్వ ఒక దిక్కు, ఖాలా ఒక దిక్కు. తల్లి పనిచేసే ఇండ్లేమో పాత బస్తీ పక్కనే ఉండె. ఆమె పొద్దుగాల బస్సెక్కితే పిల్లను ఎవరు చూడాలె? 2024 అక్టోబర్‌ల, బడులు నడిచే కాలంల, చాదర్‌ఘాట్ మూసానగర్, శంకర్‌నగర్ దిక్కు మూసీ పక్క ఇండ్లు కూల్చిండ్రు.

ఇక్కడ ఝరాసంగంల కూసొని మాకెందుకు ఈ గోస అంటరేమో. నిమ్జ్ పేరు మీద ఝరాసంగం, న్యాల్కల్ మండలాలల్ల 12,635 ఎకరాలు గుర్తు పెట్టిండ్రు. భూమి పోతే పని పోతది, మా సంగతేంది అని వ్యవసాయ కూలీలు కోర్టుకెక్కితే, 2016 ఆగస్టుల హైకోర్టు జీవో 123ను కొట్టేసింది. ఆ తీర్పు మీద సర్కారు అప్పీలుకు పోయింది. 2024 ఆగస్టుల 3,245 ఎకరాల పారిశ్రామిక స్మార్ట్ సిటీకి కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. ఫ్యాక్టరీల కొలువు దొరకని కూలీ పిల్లలు ఏ తొవ్వ పడతరో చెప్పనక్కర లేదు. వాళ్లు పోయేసరికి బస్తీల అవ్వ ఉండాలె కదా?

ఇండ్లు పంచే అధికారులను మేం అడిగేది పెద్దదేం కాదు. పది కుటుంబాలు కలిసి పేరు రాసిస్తే పదింటికీ ఒకే బ్లాకుల ఇయ్యుండ్రి. బడి సాలు మధ్యల ఎవరినీ లేపొద్దు. తాళంచెవి ఇచ్చే ముందుగాలనే అంగన్‌వాడీ తెరవాలె, బస్సు నడపాలె.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! ఈ ఆదివారం మీరు పెరిగిన గల్లీకి పోండ్రి. ఎవరు ఎవరి పక్కన ఉండాలనుకుంటున్నరో ఇంటింటికీ అడిగి రాయుండ్రి. సోమవారం ప్రజావాణిల కలెక్టర్ చేతికియ్యుండ్రి. ఒక నకలు మాకు పంపితే పేర్లతో సహా అచ్చేస్తం.