మెయిల్ ఆపితే ఆపినమని చెప్పాలె

మెయిళ్లు వస్తున్నయి, కానీ పోతలేవు. సంఘం ప్రకటన, ఉద్యోగుల మెమొరాండం, విద్యార్థి దరఖాస్తు అన్నీ అవుట్‌బాక్స్‌లనే పడి ఉంటున్నయి. మన గొంతు నొక్కుతున్నరన్న అనుమానం రావడం సహజం. ఏండ్ల తరబడి కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నోళ్లం. అయినా అనుమానం కన్నా ముందు పరీక్ష చేసుకోవాలంటున్నం.

సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ అందించుకునే ద్వారం 25వ నంబరు పోర్టు. 1982 నాటి పద్ధతి ఇది. వైరస్ సోకిన ఇంటి కంప్యూటర్లు యజమానికి తెలియకుండనే ఇదే దారిల చెత్త మెయిళ్లు కుమ్మరించినయి. దాంతోని చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇండ్ల కనెక్షన్లకు ఆ ద్వారం బంద్ పెట్టినయి. మన ఉత్తరం చదివి ఆపింది కాదు, దారినే మూసిండ్రు.

గుర్తుపట్టడం అల్కనే. బ్రౌజర్‌ల తెరిచి పంపితే పోతున్నదా? అయితే అకౌంటు మంచిగనే ఉన్నది. అదే కంప్యూటర్‌ను వేరే కనెక్షన్‌కు కలిపితే పోతున్నదా? అయితే అడ్డం మన కనెక్షన్ కాడనే ఉన్నది. అప్పుడు మెయిల్ ప్రోగ్రాంల అవుట్‌గోయింగ్ సర్వర్ సెట్టింగు చూడాలె. 25 ఉంటే తీసి 587 పెట్టాలె. స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకోవాలె. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే ఆథెంటికేషన్ ఆన్ చేయాలె. కుదరకుంటే ఎస్‌ఎస్‌ఎల్‌తోని 465 పెట్టి చూడాలె. వాడేటోళ్లు మెయిల్ పంపుకునేతందుకే 587ను 1998లో కేటాయించిండ్రు.

పోయిన మెయిల్ తిరిగొస్తే అది వేరే రోగం. వాపసొచ్చిన మెయిల్‌ల కారణం రాసి ఉంటది, చదవాలె. సొంత డొమైన్ ఉన్న సంఘాలు ఎస్‌పీఎఫ్, డీకేఐఎం రికార్డులు సరిచూసుకోవాలె. జీమెయిల్‌కు పంపేటోళ్లకు వీటిల కనీసం ఒకటి 2024 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి.

చెత్త మెయిళ్లను ఆపడాన్ని మేం తప్పుపడుతలేం. చెప్పకుండ ఆపడాన్నే తప్పుపడుతున్నం. బిల్లు గడువు గుర్తుచేసేతందుకు మెసేజ్ మీద మెసేజ్ పంపే కంపెనీకి, ద్వారం మూసిన ముచ్చట చెప్పేతందుకు నోరు రాదా? దరఖాస్తు గడువు దాటినంక ఆ విద్యార్థికి ఎవరు జవాబు చెప్తరు? 1985 నాటి 610 జీవో అమలు కోసం కొట్లాడిన ఉద్యోగులకు తెలుసు, నిబంధన తెలిసినోడే లెక్క అడుగుతడు.

కనెక్షన్ ఇచ్చేనాడే ఏ పోర్టు మూసిండ్రో, బదులు ఏది వాడాల్నో తెలుగుల రాసియ్యాలె. ఇది దయ కాదు, పైసలు కట్టినోళ్ల హక్కు.